పెళ్లి భోజనం ఎక్కిన బ్యాటరీ బండి

ఆ బండి మా ఇంటి ముందు ఆగిన రోజే నాకు దాని మీద నమ్మకం కలగలేదు. కలగలేదని మా బావకు ముఖం మీదే చెప్పాను. బావంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లికి ముందు ఏమని పిలిచేదాన్నో ఇప్పటికీ అదే పిలుపు. పూర్ణా మార్కెట్లో ఉల్లి బస్తాలు, నూనె డబ్బాలు ఎక్కించుకుని ఊళ్లో కొట్లకు వేయడం అతని పని. పాత డీజిలు బండి పొగ వదలడం తప్ప ఇంకే పనికీ రాని స్థితికి చేరాక, దాన్ని వదిలించుకుని ఈ ఎలక్ట్రిక్ పికప్ తెచ్చాడు. వీధిలో వాళ్లూ, సబ్బవరంలో మా పుట్టింటి ఊరివాళ్లూ బొమ్మ బండి అన్నారు. నేను అంతకంటే పెద్ద మాటలే అన్నాను.

మంచి లేదని అనను. పూర్ణా మార్కెట్ సందుల్లో అది పిల్లిలా తిరిగేది. పొగ లేదు, బావ చొక్కాలకు ఆయిలు మరకలు లేవు. సాయంత్రం ఇంటికి రాగానే కిటికీలోంచి తీగ లాగి తగిలిస్తే తెల్లారేసరికి కడుపు నింపుకునేది. డీజిలు బంకు ముఖం చూడక్కర్లేదని బావ మీసం దువ్వేవాడు. అయితే బస్తాలు నిండుగా వేసి ఏ ఎత్తు ఎక్కినా ముందున్న తెర మీద ఇంకా ఎంత దూరం పోగలదో చూపే అంకె జారిపోయేది. షోరూము వాడు చెప్పిన దూరం ఖాళీ బండికి, చల్లని రోజుకి, చదునైన రోడ్డుకి. విశాఖపట్నంలో ఆ మూడూ ఒక్క పూట కలిసిరావు. దారిలో ఛార్జింగ్ పెట్టుకుందామా అంటే, బోర్డు ఉన్న చోట మిషను పనిచేయదు, మిషను పనిచేసే చోట ఎవడో కారు పెట్టేసి టీకి పోయుంటాడు. ఒకసారి గాలివానకి మా వీధిలో కరెంటు పోయి, బండి గుమ్మం ముందే చతికిలబడింది. ఆ పూట మా సరుకు వేరేవాడి బండెక్కింది. నేను దెప్పితే బావకు ఒళ్లు మండేది.

"బండికే గానీ నీ నోటికి సార్జింగు అక్కర్నేదే!" అనేవాడు.

ఇదంతా రోజూ ఉండే గొడవే. నేను చెప్పబోయేది మా చెల్లి పెళ్లి భోజనం సంగతి.

చెల్లికి అది రెండో పెళ్లి. మొదటి అతను జ్వరంతో పోయాక అది సబ్బవరంలో అమ్మ దగ్గరే ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేది. అక్కడి మాస్టారే అడిగాడు. అది ఒప్పుకుంది, అమ్మా ఒప్పుకుంది. ఒప్పుకోనిది మా పెదనాన్న. నాన్న లేని ఇంటికి ఆయనే పెద్ద, అమ్మ వాళ్ల వీధి వీధంతా ఆయన మాట దాటదు. గుడిలో పదిమంది మధ్య తాళి కట్టించేశాం. మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఇంటి ముందు పందిరి వేసి భోజనాలు. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఆ పందిట్లో కూర్చుని తిన్నారంటే ఆ సంబంధం ఒప్పుకున్నట్టు, తినకుండా లేచారంటే ఒప్పుకోనట్టు. నోటితో ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

పెదనాన్న వస్తానన్నాడు. వస్తానంటూనే మెలిక పెట్టాడు.

"నాకు సుగరున్నాది. ఒంటిగంట దాటితే నాను కూకోను. ఏలకి పెడితే తింతాను, నేదంటే నా దారి నాది."

ఆయన లేస్తే ఆయన తమ్ముళ్లు లేస్తారు. వాళ్లు లేస్తే వీధి లేస్తుంది. మర్నాటి నుంచి చెల్లిని పేరంటానికి పిలిచేవాళ్లు ఉండరు, కుళాయి దగ్గర అమ్మతో మాట్లాడేవాళ్లు ఉండరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అమ్మ ఎవరితోనూ చెప్పుకోదు గానీ, ఆ వారమంతా ఆమెకి నిద్ర లేదు. అందుకని ఆ పూట నాకు కావలసింది ఒక్కటే. ఒంటిగంటలోపు పెదనాన్న ఆకులో వేడి అన్నం పడాలి.

వంట పాతపట్నం బిరియానీ మేస్త్రీకి చెప్పాం. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆయన ఇల్లు, పెరట్లోనే పొయ్యిలు. బిరియానీ వాళ్లకు తాతల నాటి పని. మా ఊరు వచ్చి వండమంటే అక్కర్లేదన్నాడు. ఆయన పద్ధతి వేరు. ముప్పావు వంతు తన పెరట్లోనే ఉడికిస్తాడు. పెద్ద గుండిగ లాంటి డేగిసా మూత చుట్టూ గోధుమ పిండి పెట్టి ఆవిరి పోకుండా మూసేస్తాడు. బండిలో ఇనప రేకు పరిచి, రేకు మీద వేడి బూడిద, నిప్పులు పోసి, వాటి మీద డేగిసాలు కూర్చోబెట్టి, మూతల మీద కూడా నిప్పులు పోస్తాడు. "బాకీ పావు దారే వండుతాది బేటీ" అంటాడు. డీజిలు బండ్ల మీద ఏళ్ల తరబడి అలాగే ఎన్నో ఊళ్లకు పంపాడు. ఊరు చేరేసరికి దమ్ము పూర్తవుతుంది, మూత తీస్తే పందిరంతా వాసన.

మేము బండి మార్చామని మేస్త్రీకి తెలుసు. ఆ బండికి బ్యాటరీ ఎక్కడుంటుందో బావకు తెలుసు. ఈ రెండు సంగతులూ కలిపి చూసే బుర్ర ఆ పొద్దున మా ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది. బావైతే సంబరంలో ఉన్నాడు. మరదలి పెళ్లి భోజనం తన బండిలోనే వెళ్లాలని, బొమ్మ బండి అన్న మా ఊరివాళ్లు నోరు మూసుకోవాలని అతని పట్టుదల. తనే చీపురుతో తుడిచి, తనే రేకు పరిచాడు. నలుగురు మనుషులు డేగిసాలు ఎత్తి పెట్టారు. రెండు డేగిసాలు, ఒక్కోటి మా అమ్మ ఇంటి నీళ్ల తొట్టంత. మేస్త్రీ వాటి పక్కనే వెనక కూర్చున్నాడు, నేను బావ పక్కన కూర్చున్నాను.

మే నెల ఎండ. కంచరపాలెం దాటేసరికే రోడ్డు మీద గాలి ఊగుతూ కనిపించింది. బండి మాత్రం మెత్తగా పోతోంది. నీళ్ల గ్లాసు పెట్టినా తొణకదని బావ రెండుసార్లు అన్నాడు. ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పక్క బండివాడు వాసన పీల్చి నవ్వాడు. నాక్కూడా కాస్త ఊపిరి ఆడింది. ఈ పూటకి ఈ బండిని తిట్టకూడదు అనుకున్నాను.

గోపాలపట్నం దాటాక తెర మీద ఎర్రగా ఏదో వెలిగింది. బావ దాన్ని వేలితో తుడిచాడు, మరకేమో అన్నట్టు. అది పోలేదు.

"ఏటది?" అన్నాను.

"ఏటీ నేదు. ఎండకి."

కాసేపటికి దాని పక్కన తాబేలు బొమ్మ వెలిగింది. బావ కాలు కిందికి నొక్కుతున్నాడు, బండి మాత్రం నెమ్మదిస్తోంది. వెనక బస్సువాడు హారన్ మోగించాడు. సైకిలు మీద పోయే ముసలాయన మమ్మల్ని దాటిపోతూ తిరిగి చూశాడు.

"తాబేలు ఊరికే వెలుగుతాదేటి బావా? నిజం సెప్పు."

"బేటరీ వేడెక్కినాదంట. వేడెక్కితే అదే నెమ్మదైపోతాది. సల్లబడితే మల్లీ ఎల్తాది."

"ఎందుకు వేడెక్కినాది? ఇంకా వేపగుంట కూడా దాటనేదు గదా!"

 నాకు అప్పుడు తట్టింది. 

"బావా, బేటరీ ఏడ ఉంటాది?"

అతను అద్దంలోంచి వెనక్కి చూశాడు. డేగిసాలు, వాటి మూతల మీద ఎర్రటి నిప్పులు, వాటి మధ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్న మేస్త్రీ. బ్యాటరీ ఉన్నది సరిగ్గా ఆ అడుగునే. పైన ఎండ, మధ్యన బరువు, దాని మీద పొయ్యి. మేం బండికి పొయ్యి పెట్టి బయల్దేరాం.

రోడ్డు పక్కన టైర్ల పంచర్లు వేసే షెడ్డు ఉంటే దాని నీడలోకి తోలేసరికి బండి పూర్తిగా ఆగిపోయింది. బావ దిగి, వంగి, అడుగు భాగానికి చెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అంతే, పంచర్ షెడ్డులో ఉన్న మనిషి అరిచాడు.

"బేటరీ బండా? నిప్పులేటి దాని మీద? పేలిపోతాది! జరగండి, జరగండి!"

ఎక్కడెక్కడి మనుషులూ పోగయ్యారు, పోగైనవాళ్లంతా దూరం జరిగారు. బ్యాటరీ బండ్లు తగలబడిపోయే వీడియోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. కొందరు ఇప్పుడు ఇంకొకటి దొరుకుతుందేమోనని ఫోన్లు పైకెత్తారు. నాకూ భయమేసింది. నిజం చెబుతాను, బండి గురించి కాదు, అన్నం గురించీ కాదు. వెనక మేస్త్రీ ఇంకా దిగలేదు.

"దిగండి మేస్త్రీ! దిగిపోండి!" అని అరిచాను.

"నాను దిగితే నిప్పులెవరు దించుతారు బేటీ?" అన్నాడు ఆయన. గరిటెతో మూతల మీది నిప్పులు ఇనప బకెట్లోకి తోడుతున్నాడు.  నిండిన బకెట్టు బావ అందుకుని ఇసుకలో గుమ్మరించాడు. మూతలు ఖాళీ అయ్యాయి గానీ డేగిసాల కింద బూడిద అలాగే ఉంది. వాటిని ఎత్తితే గానీ అది తీయలేం, ఎత్తడానికి నలుగురు కావాలి, వచ్చేవాడు ఒక్కడూ లేడు.

నాకు తిక్క రేగింది. నా గొంతు మామూలుగానే పక్క వీధికి వినిపిస్తుంది. ఆ పూట వేపగుంట మొత్తానికి వినిపించి ఉంటుంది.

"ఫోన్లు ఎత్తడానికి సేతులున్నాయి, ఒక్క సెయ్యి ఎయ్యడానికి నేవేటి? ఇది నా సెల్లి పెల్లి అన్నం! మీ ఇంట పెల్లిల్లు అవ్వవేటి?"

మొదట కదిలింది పంచర్ షెడ్డు మనిషే. భయపెట్టినవాడే తిట్టుకుంటూ వచ్చాడు. అతన్ని చూసి ఇద్దరు ఆటోవాళ్లు వచ్చారు. తడి గోనెసంచులు చేతులకు చుట్టుకుని, రెండు డేగిసాలూ నేల మీదికి దించారు. బావ ఇనప రేకు లాగేసి బూడిదంతా దులిపాడు. బండి అడుగు మీద నీళ్లు కొట్టబోతుంటే షెడ్డు మనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు. దాన్ని దాని మానాన వదిలేయమన్నాడు. తలుపులు తెరిచి నీడలో వదిలేశాం. వేరే బండి కోసం బావ ఫోన్లు మొదలెట్టాడు. ముహూర్తాల రోజులు, తెలిసిన ప్రతి బండీ ఏదో ఒక పెళ్లి సామాను కింద ఉంది. తాము ఎక్కించుకుంటామని ఆటోవాళ్లు అన్నారు గానీ డేగిసా ఆటో తలుపులో పట్టలేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా చెల్లి ఫోను.

"అక్కా, ఏడున్నారు? పెదనాన్న వచ్చేసినాడు. కుర్సీలో కూసుని గడియారం సూత్తన్నాడు."

"వచ్చేత్తన్నాం. వేపగుంట దాటేసినాం" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా నా నోట ఎప్పుడూ రాలేదు.

ఫోను పెట్టేసరికి బావకూ మేస్త్రీకీ వాదన. బండి కాస్త చల్లబడగానే బయల్దేరిపోదామని బావ. కుదరదని మేస్త్రీ. నిప్పులు తీసేశాక దమ్ము ఆగిపోయింది, లోపల మాంసం ఇంకా ఉడకలేదు. ఆయన అక్కడే నేల మీద రాళ్లు పేర్చి, ఇసుకలో పోసిన నిప్పులు మళ్లీ ఏరి, డేగిసాల కిందా మీదా పెట్టేశాడు.

"పచ్చి ముక్క నా డేగిసాలోంచి ఎవరి ఆకులోకీ ఎల్లదు. మీరు ఎల్లండి, అన్నం రాదు" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. మేస్త్రీ కూడా నా వైపే చూశాడు. ఆలస్యమైతే పెదనాన్న లేస్తాడు. ఉడకని మాంసం పెడితే అందరూ లేస్తారు, పైగా మా చెల్లి పెళ్లికి పచ్చి మాంసం పెట్టారని పదేళ్లు చెప్పుకుంటారు. ఏది ఎంచుకున్నా దాని బతుకు మీదే పడుతుంది. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా సమయం లేదని కోపమొచ్చింది.

"ఉడకనియ్యండి" అన్నాను.

ఆ కాసేపు ఎంత సేపో నాకు తెలియదు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. డేగిసా అంచుల్లో పిండి ఎండి బీటలిస్తోంది. మేస్త్రీ మూతకి చెవి ఆనించి లోపలి చప్పుడు వింటున్నాడు. నేను షెడ్డు చుట్టూ తిరుగుతుంటే పక్కన చెత్తలో అరటి బోదెలు కనపడ్డాయి, ఏ పెళ్లి పందిరికో కట్టి తీసిపారేసినవి. నేను రైతు బిడ్డను. అరటి బోదెలో అంతా నీరే, నిప్పు మీద పెట్టినా ఓ పట్టాన వేడెక్కదు. వాటిని ఈడ్చుకొచ్చి, బండి వెనక డేగిసాలు పెట్టే చోట వరసగా పరిచాను. చీర కుచ్చిళ్లన్నీ బురద. బావ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

ఉడికిందన్నట్టు మేస్త్రీ తల ఊపాడు. మూతల మీది నిప్పులు దులిపేసి, షెడ్డు మనిషి, ఆటోవాళ్లు మళ్లీ చెయ్యి వేస్తే, ఈసారి నిప్పు లేకుండానే డేగిసాలు బోదెల మీదికి ఎక్కించాం. బావ తాళం తిప్పాడు. తెర వెలిగింది. తాబేలు లేదు. ఎర్ర గుర్తు మాత్రం వెలిగి, కాసేపు ఆలోచించి, ఆరిపోయింది.

పెందుర్తి ఎప్పుడు దాటామో నాకు గుర్తులేదు. చూపంతా ఆ తెర మీదే. బావ ఏసీ ఆపేశాడు, ఎత్తు వస్తే నెమ్మదించాడు, ఎక్కడా ఆగకుండా తోలాడు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఫోను మళ్లీ మోగింది, నేను ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలో తెలియలేదు.

సబ్బవరంలో మా వీధి మలుపు తిరిగేసరికి ఒంటిగంట దాటిపోయింది. డీజిలు బండైతే వీధి మొదట్లోనే అందరూ తిరిగి చూసేవారు. ఈ బండి వచ్చి పందిరి వెనక ఆగినా ఒక్కరూ తల తిప్పలేదు. పందిరి గుడ్డకి ఇవతల మేము. అవతల పెదనాన్న నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలు, చేతిలో చెప్పులు. చుట్టూ ఆయన తమ్ముళ్లు.

"రాకపోడవే మంచిదయినాది" అంటున్నాడు. "వచ్చినా నాకు మింగుడు పడకపోను. ఏల దాటిపోనాదని ఎల్లిపోతే మననెవ్వడూ ఏటీ అనడు. పదండి."

సుగరు కాదు, గడియారం కాదు. మేం ఉడికీ ఉడకని అన్నంతో, మండుతున్న బండితో రోడ్డు మీద పడిన పాట్లన్నీ ఈ మనిషికి సాకు అందకూడదనే. ఆయన పొద్దుటి నుంచి ఆ సాకు కోసమే కూర్చున్నాడు. నేను గుడ్డ పక్కకి లాగాను. నన్ను, నా బురద చీరను చూసి ఆయన ఆగాడు గానీ సిగ్గుపడలేదు.

"అన్నం వచ్చినాది పెదనాన్నా" అన్నాను. అనాలనుకున్నవి వంద ఉన్నా అదొక్కటే అనగలిగాను.

"ఏల దాటిపోనాదమ్మా" అని, పందిట్లోకి తిరిగి, "ఏటే, లెగు. ఎల్దాం" అన్నాడు.

ఆ పిలిచింది పెద్దమ్మని. ఖాళీ బల్లల వరసలో ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. ముందు అరిటాకు, ఆకు మీద నీళ్లు చల్లి తుడుచుకుని ఉంది. ఆయన లెగమంటే లేచి, కూర్చోమంటే కూర్చునే మనిషి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ముందు ఆవిడ గొంతు పెగలగా వినలేదు.

"నాను ఆకు ముందు కూకున్నాను" అంది.

"లెగమన్నాను గదా."

"ఆకేసుకుని ఆకలితో లెగితే ఇంటికి మంచిది కాదు. నాను తినీసి వత్తాను. మీరు నీడలో నిలబడండి." ఆయన వైపు చూడకుండానే చెల్లిని పిలిచింది. "రాయే, వడ్డించు. సల్లారిపోతాది."

మేస్త్రీ అక్కడికక్కడే బండి మీదే పిండి పగలగొట్టి మూత తీశాడు. చెల్లి గిన్నెతో తెచ్చి వడ్డించింది. తొందరలో కొన్ని మెతుకులు బల్ల మీద పడ్డాయి. పెద్దమ్మ ఆ మెతుకులు కూడా ఆకులోకి ఏరుకుంది. మొదటి ముద్ద తిని, "ఇంకాసింత వెయ్యి" అంది.  పెదనాన్న చిన్న తమ్ముడి భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. తరవాత ఇంకొకరు. మగవాళ్లు ఆయన ముఖం చూశారు, ఆకులు చూశారు, ఒక్కొక్కరే చెప్పులు వదిలి లోపలికొచ్చారు. బావ వడ్డన గిన్నె అందుకున్నాడు.

పెదనాన్న తినలేదు. రోడ్డు పక్కన ఎండలోనే నిలబడ్డాడు. అమ్మ మంచినీళ్లు తీసుకెళ్తే అవీ ముట్టలేదు.

పెద్దమ్మ మాత్రం తొందరపడకుండా తింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చెల్లిని దగ్గరికి లాక్కుంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"రేపు మీ పెదనాన్న పోతే నన్నూ ఓ మూల కూకోబెట్టేత్తారే. మా నాన్న పోయినాక మా అమ్మనీ అలగే కూకోబెట్టినారు. నువ్వు కూకోనేదు. అది నా కల్లతో సూసినాను, నాకదే సాలు."

అలా అని, ఎండలో ఎదురుచూస్తున్న ఆయన వెనకాల నడిచి వెళ్లిపోయింది. చెల్లి ఆ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి, అప్పుడు ఏడ్చింది.